ఆవిడగారి సైకిలుకో ఇంజను

పెళ్ళాం కోసం పూచికపుల్ల కదిపినా ఊరంతా చెప్పుకునే మగమహారాజులు మన దేశంలోనే ఉన్నారనుకుంటే పొరపాటు. జపానులోనూ ఉన్నారు. అందులో ఒకాయన పేరు సోయిచిరో హోండా. అవునండీ, మీ వీధిలో బళ్ళ మీద కనిపించే ఆ హోండాయే!

సంగతి 1946 నాటిది. ఊరు హమమట్సు. యుద్ధంలో జపాను ఓడిపోయి ఏడాదయింది. బాంబులు పడి ఊరు మాడి మసై ఉంది. హోండాగారి పిస్టన్ రింగుల ఫ్యాక్టరీ కొంత బాంబులకూ, మిగతాది 1945 జనవరిలో వచ్చిన భూకంపానికీ దెబ్బతింది. తన వాటా కాస్తా అమ్మేసి, ఒక ఏడాదిపాటు ఏ పనీ చెయ్యనని ఇంట్లో కూర్చున్నాడాయన. ఊరికే కూర్చున్నా బాగుండును. ఒక డ్రమ్ము నిండా ఆల్కహాలు కొని తెచ్చిపెట్టి, స్నేహితుల్ని పిలిచి కాలక్షేపం! ఇల్లు నడిపే ఆడదానికి అది ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

అవి తిండికి కటకటలాడే రోజులు. రేషనులో ఇచ్చేది చాలేది కాదు. పట్నం ఆడవాళ్ళు చుట్టుపక్కల పల్లెలకు పోయి, రైతుల్ని బతిమాలుకుని బియ్యమో దుంపలో తెచ్చుకునేవారు. హోండాగారి భార్య సాచి కూడా అలాగే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి సామాను తెచ్చేది.

ఒకనాడు స్నేహితుడి ఇంట్లో హోండా కంటికి ఒక చిన్న ఇంజను కనపడింది. సైన్యం వాళ్ళ వైర్‌లెస్ సెట్టుకు కరెంటు పుట్టించడానికి చేసింది. యుద్ధమే లేకపోయాక దానితో ఎవరికి పని? దీన్ని సైకిలుకు తగిలిస్తే సరి, అనుకున్నాడాయన. పెట్రోలు పొయ్యడానికి టాంకు కావాలిగా? జపాను ఇళ్ళల్లో చలికాలం పక్కలో పెట్టుకుని పడుకునే వేడినీళ్ళ బుడ్డి ఒకటుంటుంది, యుతంపో అంటారు. మొట్టమొదట దాన్నే పెట్టాడు. పరిశ్రమలు పుట్టిన చరిత్రల్లో ఇంట్లో సామాను ఎంత మాయమైందో ఎవరైనా లెక్క కడితే బాగుండును.

ఆ ఇంజను టూ స్ట్రోకు. అంటే పిస్టను ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయేసరికి పెట్రోలు ఒకసారి మండుతుంది. కవాటాల గొడవ లేదు. ఆయిలు వేరే పొయ్యక్కర్లేదు, పెట్రోల్లోనే కలిపేస్తారు. కనుక తేలిక, చవక, రిపేరు సులువు. పొగా, చమురు జిడ్డూ కూడా అందుకే. పైగా పెట్రోలు దొరక్క, పైను చెట్ల వేళ్ళ నుంచి తీసిన టర్పెంటైను కలిపి నడిపేవారు. బండి వెళ్ళిన దారంతా రంగుల కొట్టు వాసనన్నమాట!

బండి తయారయ్యాక ఇంటికి తెచ్చి, నువ్వు ఎక్కి చూడు అన్నాడట భార్యతో. అదీ జనం మసిలే పెద్ద వీధుల్లో. నలుగురూ చూస్తారు కదా అని సాచి ఉన్నవాటిల్లో మంచి మోంపే వేసుకుని బయల్దేరింది. మోంపే అంటే చీలమండల దగ్గర బిగించి కట్టే వదులు పైజామా. యుద్ధకాలంలో జపాను ఆడవాళ్ళ దుస్తులు అవే. తీరా తిరిగొచ్చి చూసుకుంటే మోంపే అంతా చమురు! కార్బురేటరు లోంచి ఎగజిమ్మింది. ఇలాగైతే కొన్నవాళ్ళు తిడతారని మొగుడి మొహం మీదే చెప్పేసింది. మామూలుగా అయితే నోరు మూసుకోమనే మనిషి, ఆ రోజు మాత్రం ఆలోచనలో పడ్డాడట. బళ్ళు అమ్మకానికి వచ్చేసరికి ఆ లోపం సరిచేశాడు.

మా ఆవిడ సైకిలు తొక్కలేక పడే అవస్థ చూడలేక చేశానని హోండాగారు తరవాత గొప్పగా చెప్పుకునేవారు. ఆవిడేమో, అది వినడానికి బాగుండాలని అల్లిన కథ, అందులో కొంత నిజం ఉంటే ఉండవచ్చు గాని, ఆడది నడపగలదో లేదో చూడటానికి నన్ను ఎక్కించాడని తేల్చేసింది. నాకు ఆవిడ మాటే నమ్మబుద్ధవుతుంది. ప్రేమ లేదని కాదు. కానీ ప్రేమతో చేసిన బండి మీద వేరే ఎవర్నైనా ముందు ఎక్కించి చూసి ఉండాల్సింది కదా!

పాత ఇంజన్లు ఓ అయిదు వందల దాకా దొరికాయి. అవి అయిపోయాక 1947లో సొంతంగా 50 సి.సి. ఇంజను చేశారు. అదే హోండా పేరుతో వచ్చిన మొదటి సరుకు, 'ఎ' టైపు. దాని చప్పుడును బట్టి జనం బటబటా అని పిలిచారు. అన్నట్టు, సుజుకీ కంపెనీదీ ఆ ఊరే. దాన్ని పెట్టిన మిచియో సుజుకీ అంతకు చాలా ముందు, 1908లో, తల్లి కోసం ఒక మగ్గం చేశాడు. ఆ మగ్గాల కంపెనీ 1952లో సైకిలుకు 36 సి.సి. ఇంజను తగిలించి బళ్ళలోకి దిగింది. అదీ టూ స్ట్రోకే.

మన దగ్గరికి ఆ పేరు 1984లో కైనెటిక్ హోండాగా వచ్చింది. 98 సి.సి. టూ స్ట్రోకు. గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు, మీట నొక్కితే చాలు. మా పిన్ని దాని మీదే స్కూలుకు వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేది, గంజి పెట్టిన నేత చీరలో. ఇంజను మూతల లోపల ఉండేది కాబట్టి కుచ్చిళ్ళకు ఒక్క మరక అంటేది కాదు.