కంపవాత చికిత్సా చరిత్రలో రోగి లెక్క

తెలుగు పల్లెల్లో పొదల మీద అల్లుకునే దూలగొండి కాయను ఎవరూ ముట్టరు. నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఆ గింజల నుంచి లెవోడోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అది పార్కిన్సన్ వ్యాధికి, అంటే కంపవాతానికి, మందు కాగలదని ఆధునిక వైద్యానికి అప్పటికి తెలియదు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే వర్ణించిన ఈ వ్యాధిలో మెదడులోని డోపమైన్ తగ్గిపోతుందని తేలడానికి 1960 దాకా పట్టింది.

పదార్థం దొరకడం వేరు, మోతాదు కుదరడం వేరు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ డోపాను స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, రోగి శరీరం తట్టుకునే తీరును గమనిస్తూ క్రమంగా పెంచాడు. లెవోడోపా చికిత్స నిలదొక్కుకున్నది ఆ ఓపికతోనే. అయితే కొన్నేళ్లు వాడాక మరో చిక్కు తలెత్తుతుంది. తరువాతి మాత్ర వేళ కాకముందే మందు పట్టు సడలి ఒళ్లు బిగుసుకుంటుంది. మందు పనిచేస్తున్న గంటల్లో కొందరికి చేతులు, మెడ వాటంతటవే కదులుతాయి. ఒకే రోజులో ఇన్ని విధాలుగా మారే మనిషిని వైద్యుడు చూసేది కొద్ది నిమిషాలే.

ఈ లోటును పూడ్చడానికి రూపొందినదే రోగి దినచర్య పత్రం. 2000లో హౌసర్ బృందం ప్రచురించిన నమూనాలో రోగి ప్రతి అరగంటకూ తన స్థితిని గుర్తు పెట్టాలి. దీని విలువ ఒక అధ్యయనంలో స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రూపమ్ బొర్గోహైన్ ప్రథమ రచయితగా 2014లో వెలువడిన సఫినమైడ్ పరీక్షలో 669 మంది పాల్గొన్నారు. మందు గెలిచిందా లేదా అన్నది ప్రధానంగా తేల్చింది రక్తపరీక్ష కాదు, రోగులు నింపిన పత్రాలలోని గంటలు.

రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట వంటి మండలాల నుంచి నాడీ వైద్య నిపుణుడి కోసం తరచుగా పట్నం దాకా పోవలసిన రోగికి ఈ చరిత్ర దూరపుది కాదు. మరమగ్గం ముందు చేయి ఏ గంటకు మొరాయించింది, మాత్రకు ఎంత ముందు పప్పన్నం తిన్నాడు అన్నవి ఇంట్లోవారికే తెలుసు. పప్పులోని మాంసకృత్తులు కొందరిలో లెవోడోపా శోషణకు అడ్డుపడతాయి. అందుకే భోజన వేళ కూడా లెక్కలోకి రావాలి. చదువురాని వృద్ధుడికి ఆ లెక్క రాసిపెట్టేది కొడుకో కోడలో. అది చేతిలో ఉంటే వైద్యుడు మోతాదు పెంచాలో, మాత్రల నడుమ వ్యవధి తగ్గించాలో నిర్ణయించగలడు. లేకుంటే, మందు పనిచేయడం లేదని విసిగిన రోగి తనంతట తానే ఒక్కసారిగా మానేయవచ్చు; అలా మానితే తీవ్రమైన బిగుసుకుపోవడంతో పాటు జ్వరం వచ్చి ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.