అవ్వ డబ్బాలోని బిళ్ళలు: మన చేతుల మీదుగా పోయిన స్మారక నాణేలు

పోయిన సంక్రాంతికి అందరం క్యాసంబళ్ళి ఇంట్లో కలిసినప్పుడు అటక మీది సామాన్లు దించినాము. అవ్వ పోయి మూడేండ్లయింది. ఇత్తడి బిందెలు, తాత గొడుగు, చెక్క పెట్టె, వీటన్నిటికీ ఎవరో ఒకరు నాకు కావాలన్నారు. అవ్వ చిల్లర డబ్బాను మాత్రం ఎవరూ అడగలేదు. అంతలో మా పిల్లల్లో ఒకడు ఫోను చూపించి, "వైష్ణోదేవి బొమ్మ ఉండే అయిదు రూపాయల బిళ్ళకి లక్షలిస్తారంట" అన్నాడు. వెదికితే డబ్బాలో ఆ బిళ్ళ నిజంగానే దొరికింది. ఫోను చేస్తే అవతలి మనిషి, ముందు రిజిస్ట్రేషన్‌కని రెండు వేలు పంపమన్నాడు. మా చిన్నాన్న పంపబోయినాడు కూడా. చేయి పట్టుకొని ఆపినాము.

ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పాత నోట్లు, నాణేలు కొనే పనిని తాము ఎవరికీ అప్పగించలేదని, అందుకోసం ఏ రుసుమూ వసూలు చేయమని చెప్పింది. మీ ఇండ్లలో పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పి పెట్టండి. చేతికి చేయి మారడానికని పెద్ద సంఖ్యలో కొట్టిన బిళ్ళ మామూలుగా లక్షలు పలకదు.

ఆ మధ్యాహ్నం డబ్బాను చాప మీద బోర్లించి ఏండ్ల వారీగా వరుస పెట్టినాము. అమ్మేదా, పంచుకునేదా, అట్లే పెట్టేదా అని తేల్చుకోవాలంటే ఇవేమిటో ముందు తెలియాలి కదా. అప్పుడు తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాము.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. క్యాసంబళ్ళి కోలారు జిల్లాలో కేజీఎఫ్ పక్కన ఉంది. ఇంట్లో తెలుగు, ఇస్కూల్లో కన్నడం, గనుల వైపు పోతే తమిళం. మైసూరు రాష్ట్రానికి 1947లో మొదటి ముఖ్యమంత్రి అయిన కె. చెంగలరాయ రెడ్డి గారి ఊరు ఇదే. ఆయన పేరు ముందు ఉండే 'కె' మా ఊరి పేరే. భూమిలోంచి బంగారం తవ్వే చోటికి ఇంత దగ్గర బతికినా, మా ఇండ్లలో చేతికి అందింది మాత్రం రాగి, నికెలు, అల్యూమినియం బిళ్ళలే.

డబ్బాలో అన్నిటికన్నా పాతది అంచు వంకీలుగా ఉండే ఒక అణా. జార్జి చక్రవర్తి కాలంది. దాని మీద అంకె చుట్టూ నాలుగు దేశభాషల లిపులున్నాయి. అందులో ఒకటి తెలుగు: 'ఒక అణా'. మా పిల్లలు నమ్మలేదు, అద్దం పెట్టి చూసినారు. దొర బొమ్మ ఒక పక్క, మన అక్షరాలు ఇంకో పక్క. సంతలో వంకాయలు అమ్మే మనిషికి నాలుగక్షరాలు వస్తే చాలు, చేతిలో ఉన్నదేమిటో చదువుకోవచ్చు.

స్వతంత్రం వచ్చినాక 1950 ఆగస్టు 15న గణతంత్ర భారతం తన సొంత నాణేలు తెచ్చింది. రాజు తల పోయి అశోకుడి సింహాలు వచ్చినాయి. లిపులు మాత్రం హిందీ, ఇంగ్లీషు రెండే మిగిలినాయి. నోట్ల మీద ఈరోజుకీ భాషల వరుసలో తెలుగు ఉంది. బిళ్ళ మీద లేదు. కాబట్టి ఇక్కడి నుంచి ముందుకు చెప్పే ప్రతి స్మారక నాణెమూ మా అవ్వకు రాని రెండు భాషల్లో ఆమెతో మాట్లాడింది.

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చినాయి. పదహారణాల రూపాయి నూరు పైసల రూపాయి అయింది. అయినా మా ఇంట్లో పాతిక పైసలు నాలుగణాలు గానే, యాభై పైసలు ఎనిమిదణాలు గానే చాలా కాలం నిలిచినాయి. 1964లో 'నయా' అన్న మాట కూడా తీసేసినారు.

అదే 1964 నవంబరు 14న స్వతంత్ర భారతం మొదటి స్మారక నాణేలు విడుదల చేసింది. మే నెలలో కన్ను మూసిన నెహ్రూ బొమ్మతో అర్ధ రూపాయి, రూపాయి వచ్చినాయి. సింహాల పక్కన మనిషి ముఖం వచ్చింది అప్పుడే. తర్వాత 1969లో గాంధీ నూరేండ్లకు 20 పైసలు, 50 పైసలు, రూపాయి, వెండి కలిసిన పది రూపాయలు వేసినారు. ఇందులో 20 పైసలది పచ్చగా ఇత్తడిలా మెరిసేది. ఆ కాలంలోనే తామరపువ్వు ఉండే మామూలు 20 పైసలు కూడా తిరిగేవి. 1970లో 'అందరికీ అన్నం' అనే నినాదంతో వచ్చిన 20 పైసల మీద కూడా తామరే.

ఈ తామర బిళ్ళలే డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువ. అవ్వ వీటిని ఒక గుడ్డలో వేరుగా కట్టి పెట్టింది. వరలక్ష్మీ వ్రతం నాడు పసుపు నీళ్ళతో కడిగి, నూటెనిమిది లెక్కపెట్టి కలశం ముందు పోసేది. దేశంలో ఇంకా చాలా ఇండ్లలో ఇట్లే చేసినారని తర్వాత తెలిసింది. ప్రభుత్వం తిండి గింజల గురించి చెప్పాలని వేసింది. అవ్వకు అందులో లక్ష్మీదేవి పువ్వు కనిపించింది.

1970ల నాణేలు చూస్తే ఆ కాలపు దిగులంతా కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పిలుపుతో చాలా దేశాలు ఇలాంటి బిళ్ళలు వేసినాయి. మన దేశంలో 1973లో 'పంట పెంచండి' అని 50 పైసల మీద, 1974లో కుటుంబ నియంత్రణ గురించి 10 పైసల మీద, 1975లో మహిళా సంవత్సరానికి మళ్ళీ 10 పైసల మీద వచ్చినాయి. 1976లో 'అందరికీ తిండి, పని', 1977లో 'అభివృద్ధికి పొదుపు', 1978లో 'అందరికీ తిండి, నీడ', 1979లో బాలల సంవత్సరం. ఈ నాలుగూ 5 పైసల మీద, 10 పైసల మీద. అంటే అందరికన్నా బీదవాళ్ళ చేతుల్లో తిరిగే బిళ్ళనే చాటింపు డప్పుగా వాడుకున్నారన్నమాట.

ఇక్కడ ఒక విషయం మాకు డబ్బా ముందు కూర్చున్నాకే తట్టింది. బొమ్మ ఏడాదికొకటి మారినా ఆకారం మాత్రం మార్చలేదు. 5 పైసలంటే మూలలు గుండ్రంగా ఉండే చదరం. 10 పైసలంటే వంకీల అంచు. నినాదం ఏదైనా అవ్వ వేలితో తడిమి ఎంతో చెప్పేది. చీకట్లో, బస్సులో, కొంగు ముడిలో కూడా. చదువు రానివాళ్ళకు నాణెం చెప్పాల్సిన మొదటి మాట తన విలువ. అది చెప్పినాకే మిగతా కబుర్లు. ఆ కాలపు బిళ్ళలు ఈ వరుస తప్పలేదు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలు వచ్చినాయి. ఆ ఏడే రెండు రూపాయల బిళ్ళ మొదటిసారి జనంలోకి వచ్చింది, అదీ క్రీడల స్మారకంగానే. అయిదు రూపాయల బిళ్ళను మేము మొదట చూసింది 1985లో, ఇందిరా గాంధీ బొమ్మతో. మామూలు అయిదు రూపాయల బిళ్ళ 1992లో గానీ రాలేదు. 1990ల నడుమ రూపాయి, రెండు, అయిదు నోట్లు అచ్చు ఆగిపోయి ఆ చోటికి బిళ్ళలు వచ్చేసరికి, నోటు చేయాల్సిన పని కూడా వీటి మీద పడింది.

అక్కడి నుంచి ముఖాలు, సంస్థలు, పండుగలు వరుస కట్టినాయి. 1990లో అంబేడ్కర్ రూపాయి, 1995లో ప్రపంచ తమిళ మహాసభకు తిరువళ్ళువర్, 1999లో శివాజీ, 2003లో రైల్వే 150 ఏండ్లకు లాంతరు పట్టుకున్న ఏనుగు గార్డు 'భోలూ'. ఆ రెండు రూపాయల బిళ్ళ వచ్చేసరికి కేజీఎఫ్ గనులు మూతపడి రెండేండ్లయింది. 2001 ఫిబ్రవరి 28 తర్వాత మా వైపు ఎన్నో ఇండ్లకు మారికుప్పం రైలే దిక్కు. తెల్లారకముందే ఎక్కి బెంగళూరు పోయి, చీకటి పడినాక తిరిగి వచ్చేవాళ్ళు. ఆ ఏనుగు బిళ్ళ వాళ్ళ జేబుల్లో బాగానే ప్రయాణం చేసి ఉంటుంది.

గనుల వైపు తమిళ స్నేహితులు వళ్ళువర్‌నీ, కామరాజ్‌నీ, 2009లో తమిళ సంతకంతో సహా వచ్చిన అన్నాదురైనీ చూపించి మురిసిపోయేవాళ్ళు. కన్నడం వాళ్ళకు 2006లో బసవేశ్వరుడు వచ్చినాడు. "మీవాళ్ళు ఎవరప్పా?" అంటే మా దగ్గర జవాబు లేకుండా పోయేది. 2015లో సర్వేపల్లి రాధాకృష్ణన్ 125వ జయంతికి పది రూపాయల బిళ్ళ వచ్చినప్పుడు మా పెదనాన్న ఒకటి తెచ్చి అందరికీ చూపించినాడు. మనలాగే తెలుగునేల అంచుకు అవతల, తిరుత్తణిలో పుట్టిన తెలుగు ఇంటి మనిషి కదా. 2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతికి రాష్ట్రపతి విడుదల చేసిన నూరు రూపాయల నాణెం సంగతి వేరు. అది దాచుకునేవాళ్ళకని వేసింది, సంతలో తిరగదు. మేము ఇక్కడ రాసేది సంతలో తిరిగేవాటి గురించే.

అయితే తెలుగు గుర్తు ఇంకొకటి ఉంది. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ బిళ్ళ హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రం గుర్తుంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మా పిల్లలు ఆ మధ్యాహ్నమంతా నక్షత్రాల వేట ఆడినారు. మీరూ మీ పిల్లలతో ఆడించండి.

ఇక బాధ పడిన సంగతులు. 2011 జూన్ 30 నుంచి పాతిక పైసలు, అంతకంటే తక్కువవి చెల్లవన్నారు. గడువు లోపల బ్యాంకులో మార్చుకోవచ్చని మేము చెప్పినాము. అవ్వ వినలేదు. "లక్ష్మిని బ్యాంకులో పోసి కాగితం తెచ్చుకుంటారా?" అంది. ధరల ప్రకారం చూస్తే ప్రభుత్వం తప్పు చేయలేదు, పది పైసలకు వచ్చే వస్తువేదీ అప్పటికే లేదు. కానీ అవ్వ దాచిన దుడ్లన్నీ ఒక్క రాత్రిలో వట్టి బిళ్ళలైపోయినాయి.

రెండోది పది రూపాయల బిళ్ళ. రెండు రంగుల లోహంతో ఇది 2009లో చలామణీలోకి వచ్చింది. 2011లో రూపాయి గుర్తు చేరినప్పుడు పైన ఉండే గీతలు 15 నుంచి 10కి తగ్గినాయి. దాని మీద రిజర్వు బ్యాంకు 75 ఏండ్లు, హోమీ భాభా, పార్లమెంటు 60 ఏండ్లు, వైష్ణోదేవి, అంబేడ్కర్, యోగా దినం, ఇలా కొత్త కొత్త బొమ్మలు వచ్చినాయి. ఏది అసలో ఏది నకిలీయో తెలియక జనం బెదిరినారు. పదిహేను గీతలది దొంగదని ఒక పుకారు, గుర్తు లేనిది చెల్లదని ఇంకో పుకారు. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు, అప్పటికి వచ్చిన 14 రకాలూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. అయినా మా వైపే కాదు, ఆంధ్రా వైపు ఊళ్ళల్లో కూడా అంగళ్ళవాళ్ళు తీసుకోలేదు.

ఒకనాడు అవ్వ మందుల కోసం పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. కొంగు ముడిలో పది రూపాయల బిళ్ళలు నలభై పైనే ఉన్నాయి. అంగట్లో ఒక్కటీ తీసుకోలేదంట. "అంబేడ్కర్ బొమ్మ ఉంటే కూడా వద్దన్నాడురా" అని గడప మీద కూర్చుంది. డెబ్భై ఏండ్లు వేలితో తడిమి దుడ్లు లెక్కపెట్టిన మనిషికి, తన చేతిలో ఉన్నది దుడ్లో కాదో ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

బొమ్మలు మార్చడం తప్పని మేము అనము. ఆ బొమ్మలు లేకపోతే ఈ వ్యాసమే లేదు. కానీ నాణెం గుర్తు చేసేది ఎవరినైనా సరే, దాన్ని తీసుకునేవాడికి నమ్మకం ఉంటేనే ఆ పేరు ఇంకో చేతికి పోతుంది. మారిందని ఊరికి చెప్పకుండా మారిస్తే, గౌరవించాలనుకున్న మనిషి బొమ్మే అంగట్లో వెనక్కి వస్తుంది. 2022 జూన్ 6న విడుదలైన స్వాతంత్ర్య అమృతోత్సవం వరుస మాకు నచ్చింది ఇందుకే. రూపాయి నుంచి ఇరవై దాకా అయిదింటి మీదా ఒకే గుర్తు వేసినారు. చూపు లేనివాళ్ళు కూడా పోల్చుకునేలా చేసినామన్నారు. అవ్వ వేళ్ళకు అందాల్సిన వరుస అది.

డబ్బా సంగతి చివరికి ఇట్లా తేల్చినాము. తామర బిళ్ళలు అట్లే గుడ్డలో ఉంటాయి, ఏ ఇంట్లో వ్రతం జరిగితే ఆ ఇంటికి పోతాయి. 1970ల 5, 10 పైసలు పిల్లలకు తలా ఒకటి, దాని కథతో సహా. తెలుగు అక్షరాల అణా క్యాసంబళ్ళి ఇంట్లోనే ఉంటుంది. వైష్ణోదేవి బిళ్ళను ఎవరికీ అమ్మలేదు.

పది రూపాయల బిళ్ళలు మాత్రం దాచలేదు. అవి ఈరోజుకీ చెల్లే దుడ్లు, పైగా అవ్వవి. పండుగ మరుసటి రోజు బంగారపేటలో పూలకు, అరటిపండ్లకు ఖర్చు పెట్టినాము. ఒక అంగట్లో వద్దన్నారు. రిజర్వు బ్యాంకు ప్రకటనను ఫోనులో చూపించి నెమ్మదిగా చెప్పినాము. ఆయన కాసేపు చూసి, రాధాకృష్ణన్ బిళ్ళను ఇటూ అటూ తిప్పి, గల్లాపెట్టెలో వేసుకున్నాడు.