కొలువుకెక్కిన జపాను బొమ్మ

మార్చి 3వ తేదీ జంషెడ్‌పూరు వాసులకు పండుగదినము. 1839లో జంషెడ్జీ టాటా జన్మించిన ఆ దినమును పురస్కరించుకొని జూబిలీ పార్కు దీపమాలికలతో వెలుగును. కదమా, బిష్టుపూరు, సాక్చీలనుండి సకుటుంబముగా వచ్చు జనముతో దారులు క్రిక్కిరిసిపోవును. అదే తేదీన జపానులో ఆడపిల్లలున్న యిండ్లలో ఎఱ్ఱని వస్త్రము పఱచిన మెట్లపై చక్రవర్తి దంపతులను, పరిచారికలను, వాద్యకారులను నిలిపి హినమత్సురి యను బొమ్మల పండుగ జరుపుకొందురు. ఈ కలయిక యాదృచ్ఛికమే కావచ్చును. అయినను, 1893లో జపానునుండి ఉత్తర అమెరికాకు సాగిన ఓడలో వివేకానందునితో కలిసి పయనించిన ఆ మహనీయుని పేరిటి నగరములో, నేడు తెలుగు పిల్లల అలమరలలో జపాను యానిమేల, అనగా కదలుబొమ్మల చిత్రముల, వీరుల ప్రతిమలు బారులుతీరి యుండుట చూచినప్పుడు, ఆ చిన్నబొమ్మల చరిత్ర ఒకమారు చెప్పుకొనదగినదని తోచినది.

బొమ్మ మనకు క్రొత్తది కాదు. సింధులోయ ప్రజలు తమ బిడ్డలకు మట్టిబండ్లు చేసియిచ్చిరి. అటుపిమ్మట ఎన్నియో శతాబ్దములు గడచినవి, రాజ్యములు పుట్టి గిట్టినవి. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అవయవములను అతికి, దశావతారములను తీర్చిరి. ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱకు లక్కరంగు పట్టించిరి. 1907లో టాటా ఉక్కు సంస్థ వెలసి, 1912లో తొలి ఉక్కుదిమ్మె వెలువడిన కాలమునుండి శ్రీకాకుళము, విశాఖ సీమలను విడిచి ఉపాధికై ఇచ్చటికి తరలివచ్చిన కుటుంబములు భాషతోపాటు సంక్రాంతి బొమ్మలకొలువును గూడ వెంటదెచ్చుకొనిరి.

ఇక జపాను సంగతి. 1985లో సెగా సంస్థ 'యూఎఫ్ఓ క్యాచర్' అను ఆటయంత్రమును వెలయించెను. అద్దపుగూటిలో బహుమతులుండును, నాణెము వేసి మీట నొక్కినచో పైనుండి లోహపు చేయి దిగివచ్చి, దొరికినదానిని పట్టి యిచ్చును, లేదా మధ్యలో జాఱవిడుచును. ఇట్టి వేడుక జూదముగా పరిణమింపకుండుటకై బహుమతి విలువకు హద్దు విధించిరి: 1990లో 500 యెన్లు, 1997లో 800, 2022లో 1000. మన లెక్కలో వేయి యెన్లనగా ఇంచుమించు అయిదాఱువందల రూపాయలు. తొలుత దూదిబొమ్మలకే ప్రాబల్యముండెడిది. క్రమముగా బాన్‌ప్రెస్టో, సెగా, టైటో, ఫ్యూర్యూ మొదలగు సంస్థలు యానిమే పాత్రల ప్రతిమలను పోతపోయించి గూళ్లలో నిలిపినవి. దుకాణములలో అమ్ము మేలిప్రతిమలు పదునైదు, ఇరువదివేల యెన్లు పలుకుచుండగా, అందు లేశమాత్రపు వెలలో యానిమే వీరులైన అదే గోకూను, అదే లూఫీని ముఖకళ చెడకుండ తీర్చవలసివచ్చెను.

నా మనస్సును మిక్కిలి హరించు ఘట్టమిదియే. తొరియామా అకిరా 1984లో ఆరంభించిన 'డ్రాగన్ బాల్' కథలో తెన్కయిచి బుదోకయి యను యుద్ధకళావీరుల మహాపోటీ కలదు. ఆ పేరునే గైకొని బాన్‌ప్రెస్టో సంస్థ బొమ్మల శిల్పుల నడుమ పోటీని నెలకొల్పెను. కథలో వీరులు పిడికిళ్లతో తలపడగా, ఇచ్చట శిల్పులు ఆ వీరుల రూపములతోనే తలపడిరి. అట్లు పుట్టిన శిల్పములు ధనికుల ప్రదర్శనశాలలకు గాక, చేత నాణెము పట్టుకొని నిలిచిన బడిపిల్లవాని యెదుటి అద్దపుగూటికే చేరినవి.

కదమాలోని ఒక తెలుగింట సంక్రాంతి కొలువులో, కొండపల్లి అంబారీ యేనుగు ప్రక్కన డ్రాగన్ బాల్ వీరుడైన వెజీటా యొక్క అట్టి బొమ్మ నొకదానిని చూచితిని. కండరములకు నీడరంగు పూయలేదు. లోతుగా చెక్కి, గదిలోని వెలుతురే నీడలు దిద్దునట్లు శిల్పి యేర్పఱచెను. పాదము క్రింది మేకు నల్లని పీఠములో దిగియున్నది. వంగిపోయిన చీలమండను వేడినీట ముంచి, మెత్తబడినంతనే సరిజేసి, చన్నీట నుంచినచో మరల నిలుచునని ఆ యింటి బాలుడు చెప్పెను. కరగిన పీవీసీని ఒత్తిడితో ఉక్కు అచ్చులలోనికి చిమ్మి ఇట్టి బొమ్మలను పోతపోయుదురు. పోతపని యీ యూరివారికి క్రొత్తయా? ఫౌండ్రీలో జీవితము గడపిన ఆ బాలుని తాత బొమ్మను వెనుకకు త్రిప్పి చూచి, "అచ్చు బాగా కుదిరిందిరా నాయనా! అతుకు జుత్తు వెనకాల దాచేసాడు, తెలివైనోడే" అనెను. శిల్పికి అంతకుమించిన బిరుదు వేఱొకటి కలదా?

ఇటుపై ఈ బొమ్మలు మన దేశమునకు చేరిన కథ పలుదారులు పట్టును. 2004లో యానిమాక్స్ ఛానలు మన దేశమునకు వచ్చెను. కార్టూన్ నెట్‌వర్కు పోకెమానును, డ్రాగన్ బాల్ జీని ఇంటింటికి చేర్చెను. చిప్సు పొట్లములలో బొమ్మల బిళ్లలైన టాజోలు వచ్చెను. పిమ్మట అంతర్జాలపు అంగళ్లు తెఱచుకొనెను. 2020లో బొమ్మలపై దిగుమతి సుంకము 20 శాతమునుండి 60కి, 2023లో 70కి పెరిగెను. 2021 జనవరి 1 నుండి ప్రమాణముద్ర తప్పనిసరియైనది. స్వదేశీ పరిశ్రమకు ఊతమిచ్చుట న్యాయమే. కాని, చౌకగా నుండవలెననియే పుట్టిన బొమ్మ ఇచ్చటికి చేరుసరికి రెండు మూడువేల రూపాయలగుచున్నది. ఆ సందు చూచుకొని, ముఖము చెదరి రంగు అలుకుకొనిపోయిన దొంగనకళ్లు సగము వెలకు వచ్చి కూర్చుండుచున్నవి.

తక్కువ వెల కళకు కళంకము కాదని నా దృఢవిశ్వాసము. కొండపల్లి పనివాడు మక్కుతో సాధించినదానినే జపాను శిల్పి ఒక వెలహద్దు లోపల సాధించెను. సామాన్యుని యింటికి అతని ప్రియవీరుని చేర్చుటయే యిద్దఱి పని. కావున తల్లిదండ్రులు ఈ బొమ్మలను పిచ్చి వ్యసనమని త్రోసిపుచ్చక, బిడ్డలు నకళ్లను మాని అసలు బొమ్మనే కొనునట్లును, దానిని చెక్కినవాని పేరు తెలిసికొనునట్లును చేయవలెను. ఏటేట ఒక క్రొత్తబొమ్మనైనను కొలువులో చేర్చవలెనను ఆచారము మన తల్లులు నిలిపినదే. ఆ చోటును ఒకయేడు కొండపల్లి శిల్పికిని, మఱుయేడు జపాను శిల్పికిని ఒసంగినచో, ఆ యాచారమునకు లోటు రాకపోగా బలమే చేకూరును.