సరిహద్దు దాటిన పింఛను

జనగామలో గాని, మహబూబాబాదులో గాని, సర్కారు కొలువు చేసి విశ్రాంతి పొందిన దంపతులు బిడ్డల పిలుపుపై అమెరికాకు పోయి అచ్చటనే స్థిరపడుట నేడు వింత కాదు. మనుషులు సముద్రము దాటుదురు; పింఛను మాత్రము ఇచ్చటి బ్యాంకులో నెలనెలా పడుచుండును. దానిపై పన్ను ఏ ప్రభుత్వమునకు చెల్లవలెను? ఇది కొత్త ప్రశ్నవలె తోచును గాని, ఈ ప్రాంతమువారికి తాతలనాటి ప్రశ్నయే.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. వీనిలో అధిక భాగము పాత వరంగల్లు జిల్లాకు చెందినది. 1948 సెప్టెంబరు వరకు ఇది నిజాము రాజ్యము. 1889లో రైలుమార్గము బెజవాడ చేరెను. మానుకోటలో, అనగా నేటి మహబూబాబాదులో, బండి యెక్కినవాడు ఎర్రుపాలెము దాటినంతనే ఇంకొక ప్రభుత్వపు నేలపై నుండెడివాడు. భాష అదే, చుట్టరికములు అవే, రూపాయి వేరు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు రమారమి మారకము. నిజాము కొలువులో వెండ్రుకలు నెరసినవానికి వచ్చు పింఛనును వజీఫా అనెడివారు. డెబ్బది రూపాయల వజీఫా బెజవాడలో అరువదిగా ఎంచబడెడిది. అది నాణెముల విలువలోని తేడాయే గాని నష్టము కాదు. అయినను ముసలితనమున అంకె తగ్గుట ఎవరికిని రుచింపదు.

ఇక పన్ను మాట. బ్రిటిషు ఇండియాలో 1922 నాటి ఆదాయపు పన్ను చట్టము పింఛనును జీతముతో సమముగనే చూచెను. ఆ చట్టమును, దాని తరువాతి సవరణలను కలిపి చూచినచో ఒక సూక్ష్మము కనబడును. స్వదేశ సంస్థానములో పుట్టిన ఆదాయమును, సంస్థానములోనే యుంచినంత కాలము, బ్రిటిషు ప్రభుత్వము ముట్టదు. దానిని తన ఇలాకాలోనికి తెచ్చిననాడే పన్ను కోరును. వరంగల్లు ఖజానాలో పుట్టిన వజీఫా అచ్చటనే నిలిచినచో ఒక న్యాయము, కృష్ణాతీరము చేరినచో ఇంకొక న్యాయము! చిన్న ఉద్యోగుల పింఛను పన్ను పరిమితికి అందదు గనుక ఈ మెలిక పెద్ద కొలువుల వారికే తగిలెడిది. నిజాము రాజ్యములో 1357 ఫసలీలో, అనగా 1947-48 ప్రాంతమున, ఆదాయపు పన్ను చట్టము వచ్చెను గాని అది ఎక్కువ కాలము నిలువలేదు. 1950 ఏప్రిల్ 1 నుండి భారత చట్టమే హైదరాబాదు రాష్ట్రమునకును వర్తించెను. ఒక్క కలము పోటుతో పరదేశపు పింఛను స్వదేశపు పింఛనైనది.

ఈ కథకు మరియొక పార్శ్వము కలదు. మన జిల్లాలపై అధికారము చేసి ఇంగ్లండు చేరిన దొరల పింఛను సంగతి యేమి? 1935 భారత ప్రభుత్వ చట్టము 272వ విభాగము, ఇండియా మంత్రిచే నియమింపబడి, పిమ్మట ఇండియా వెలుపల శాశ్వతముగా నివసించువారి పింఛనులపై ఇచ్చటి పన్ను ఏదియు పడరాదని శాసించెను. ఆ సొమ్ము మన రైతు శిస్తునుండి పోవునదే. స్వాతంత్ర్యము వచ్చినను ఆ హామీ తెగలేదు. 1948 జూలై ఒప్పందములో, ఈ పింఛనుల భారమునకై భారతదేశము తన స్టెర్లింగు నిల్వలనుండి సుమారు 16 కోట్ల 80 లక్షల పౌండ్లు బ్రిటనుకు చెల్లించెను. 1961 ఆదాయపు పన్ను చట్టము సయితము 9వ విభాగమున, రాజ్యాంగపు 314వ అధికరణములో చెప్పబడిన ఉద్యోగులు దేశము వెలుపల శాశ్వతముగా నివసించుచు వెలుపలనే పొందు పింఛనును పన్నునుండి తప్పించెను. ఆ అధికరణమును 1972లో 28వ సవరణ తొలగించినది. ఇది న్యాయముకన్న బేరమునకు దగ్గరిదని నా అభిప్రాయము. అయినను ఇచ్చిన మాటను ప్రభుత్వము నిలుపుకొనెనని ఒప్పుకొనక తప్పదు.

నేటి పింఛనుదారునకు అట్టి రాజయోగము లేదు. ఉన్నదెల్ల ఒక ఒడంబడిక. భారతదేశము, అమెరికా ద్వంద్వ పన్ను నివారణకై 1989 సెప్టెంబరు 12న దానిపై సంతకము చేసినవి. ప్రభుత్వ సేవకు వచ్చు పింఛనుపై, 19వ అధికరణము ప్రకారము, ఇచ్చు దేశమే పన్ను వేయవలెను. అయితే గ్రహీత రెండవ దేశమున నివాసియు పౌరుడును అయినచో ఆ దేశమే వేయవలెను. జనగామ పాఠశాలలో బోధించిన ఉపాధ్యాయుడు అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్ననాడు అతని పింఛను ఆ దేశపు లెక్కలోనికి మారును. మధ్యనున్నది గ్రీన్ కార్డు దశ, చిక్కంతయు అచ్చటనే. ఒడంబడిక మొదటి అధికరణము తన శాశ్వత నివాసులపై పన్ను వేయు హక్కును అమెరికాకు నిలిపియుంచినది. కనుక ఇచ్చట పన్ను కట్టినవాడు అచ్చటను లెక్క చూపవలెను. కట్టిన దానికి 25వ అధికరణము క్రింద తగ్గింపు కోరవలెను. ఇచ్చటి రసీదులు పారవేసినవానికి ఆ తగ్గింపు దక్కుట కష్టము.

భూపాలపల్లి గనులలో పనిచేసిన సింగరేణి కార్మికునిది వేరు దారి. అతని పింఛను 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకమునుండి వచ్చునది. ప్రభుత్వ కొలువుకు ప్రతిఫలము కాదు. ఇట్టివి 20వ అధికరణములోనివి. వీనిపై నివాస దేశమే పన్ను వేయును. మొత్తము చిన్నదైనను లెక్క వ్రాయక తప్పదు.

ఎదురు దిశలో వచ్చువారును కలరు. అమెరికాలో జీవితకాలము పనిచేసి ఊరు చేరినవారి సోషల్ సెక్యూరిటీ సొమ్ముపై అదే అధికరణము ప్రకారము అమెరికాయే పన్ను వేయును, భారతదేశము వేయరాదు. అచ్చటి పదవీవిరమణ ఖాతాలలోని సొమ్ముకు రెండు దేశములలో పన్ను వేరువేరు సంవత్సరములలో పడు ఇబ్బందిని తీర్చుటకై 2021లో 1961 చట్టమున 89ఏ విభాగము చేర్చబడినది. ఆ చట్టము స్థానమున 2025 నాటి కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయింపబడినది. విభాగముల సంఖ్యలు మారినవి గనుక, పాత కాగితములు పట్టుకొని పోవువారు ఏ సంవత్సరపు ఆదాయమునకు ఏ చట్టమో ముందుగా విచారించుకొనవలెను.