సోమవరప్పాడు ఫిడేలు

ఏలూరు గురించి రాసినవాళ్లు తివాచీలు చెబుతారు, జనపనార మిల్లు చెబుతారు, కొల్లేరు చేపలు చెబుతారు. ఫిడేలు ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. మన పక్కనే, దెందులూరు మండలంలోని సోమవరప్పాడులో 1926 మార్చి 27న ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు పుట్టారు. మా ఊరి చరిత్రలో ఆయనకు ఒక అధ్యాయం ఉండాలని నా పట్టుదల.

తొలి పాఠాలు మాగంటి జగన్నాథం చౌదరి గారి దగ్గర. ఆ తర్వాత బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యుడు. కావేరి ఒడ్డున మొదలైన పాఠం మన పల్లెటూరి పిల్లవాడి దాకా ఇంత దగ్గరి దారిలో వచ్చింది!

పంతులు గారి దగ్గర రామస్వామి గారి సహాధ్యాయి మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయసులో నాలుగేళ్లు చిన్న. తర్వాత ఆయనకే ఎన్నో కచేరీల్లో రామస్వామి గారు పక్కవాద్యం వాయించారు. అదెంత కష్టమో కొంచెం చెప్పాలి. గాయకుడు ఆలాపన చేస్తుంటే ఫిడేలు క్షణం వెనకగా నీడలా నడవాలి. తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని తన మాటగా చెప్పాలి. స్వరకల్పనలో గాయకుడు విసిరిన లెక్కను అక్కడికక్కడే అందుకోవాలి. తెలిసిన తోడి, కల్యాణి అయితే చేతికి అలవాటైన సంగతులు ఆదుకుంటాయి. బాలమురళి గారు నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టిన మనిషి. అలాంటి చోట పాత సంగతులేవీ పనికిరావు, చెవి ఒక్కటే దిక్కు. పాడేవాళ్ల సాహిత్యం ఎక్కడ విరుగుతుందో తెలిసి కమాను తిప్పాలి. పాట రాని చేతికి ఆ విరుపు తెలియదు. అందుకే మన సంప్రదాయంలో వాద్యం నేర్చేవాడికీ ముందు గాత్రమే చెబుతారు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. ఆ ఏడాదే అందులో చేరి 1986 దాకా ఆయన నిలయ విద్వాంసులుగా ఉన్నారు. రేడియో అరుగు మీద ఉన్న రోజుల్లో ఈ జిల్లాలో శాస్త్రీయ సంగీతం విన్నవాళ్లకు, పేరు తెలిసినా తెలియకపోయినా, ఆయన కమాను చెవిన పడే ఉంటుంది. సభలు లేని కొల్లేటి లంకలకు కూడా రేడియో చేరింది. ఆ ఉద్యోగం విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

సొంతంగా వందన, శ్రీదుర్గ రాగాలు, త్రినేత్రాది, వేదాది తాళాలు కల్పించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే జాబితాలో మృదంగ విదుషి నిడుమోలు సుమతి గారి పేరూ ఉంది. ఆవిడ పుట్టింది ఏలూరులోనే. ఒకే ఏడు ఒక ఫిడేలుకు, ఒక మృదంగానికి, రెండు పక్కవాద్యాలకూ ఆ గౌరవం దక్కింది, రెండూ మన వైపువే.

ఆయన వాద్యం వినాలనుకునే కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటే: బాలమురళి గారి పాత కచేరీలు తీసి, పక్కన ఫిడేలు ఎవరిదో ముందు చూడండి. రామస్వామి గారిదైతే రెండోసారి పాటను వదిలేసి ఫిడేలునే వినండి.