పంపు స్టవ్ మరమ్మతు: వంటింటి విడిభాగాల చరిత్ర

మట్టి పొయ్యికి విడిభాగాలు లేవు. పొయ్యిగడ్డ విరిగితే పుట్టమన్నులో ఊక కలిపి పిసికి ఆ చోట మెత్తేవారు. పైన పేడతో అలికితే పొయ్యి మళ్లీ కొత్తదయ్యేది. ఆ పని ఇంటి ఆడవాళ్లదే. బొగ్గుల కుంపటిలో మాత్రం అడుగున ఉండే ఇనప చువ్వలు కాలి విరిగేవి, వాటిని మార్చుకోవాల్సి వచ్చేది. అరిగిన భాగాన్ని బజారులో కొని తెచ్చి బిగించుకోవడం వంటింటికి నిత్యవ్యవహారం అయింది పంపు స్టవ్ వచ్చాకే.

1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లింద్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ స్టవ్ దీనికి మూలం. పంపుతో కొట్టిన గాలి ఇత్తడి ట్యాంకులోని కిరసనాయిలును పైకి నెడుతుంది. కాగిన బర్నరు గొట్టాల్లో అది ఆవిరై, నిప్పిల్ రంధ్రం గుండా దూసుకువచ్చి, గాలితో కలిసి మసి లేని నీలి మంటగా మండుతుంది. విదేశాల నుంచి వచ్చిన ఈ స్టవ్‌ను తర్వాత ఇక్కడి తయారీదారులూ చేసి అమ్మారు.

ఏ భాగం ముందు అరుగుతుందో ఎరిగి చేసిన వస్తువు ఇది. అరిగేవన్నీ చిన్నవి, మర తిప్పితే ఊడివచ్చేవి. నిప్పిల్ రంధ్రం మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు. మసి చేరితే మూసుకుపోతుంది. రేకు ముక్కకు సన్నని తీగ బిగించిన స్టవ్ పిన్ను అందుకే చిల్లర కొట్లలో కూడా దొరికేది. పదేపదే పొడిస్తే రంధ్రం సాగి మంట ఎర్రబారేది. అప్పుడు నిప్పిల్‌నే మార్చాలి. పంపు కొడుతుంటే చేతికి బరువు తగలకపోతే లోపలి తోలు వాషరు ఎండిపోయిందని అర్థం. దానికి నూనె పట్టించి అంచులు విప్పార్చేవారు, చినిగితే కొత్తది వేసేవారు. పంపు గొట్టంలోకి కిరసనాయిలు ఎగదన్నితే లోపం అడుగున ఉన్న వాల్వుది. బర్నరు కింద ఉండే సీసపు వాషరు నలిగితే అక్కడే మంట అంటుకునే ప్రమాదం ఉండేది.

మంట రంగు, చప్పుడు, పంపు బరువు చూసి జబ్బు కనిపెట్టే పనివాళ్లు పట్టణాల్లో వీధుల పక్కన కూర్చునేవారు. కారే ట్యాంకుకు టంకం పెట్టడమూ వారి పనే. బడిలో ఎవరూ నేర్పని విద్య ఇది. దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. నిర్లక్ష్యం చేసిన స్టవ్ ప్రాణాల మీదికి తెచ్చే మాట నిజం. అయితే 1980ల్లో వరకట్న హత్యల్ని కప్పిపుచ్చడానికి కూడా ‘స్టవ్ పేలింది’ అన్న మాట వాడారు. ఆ దశకంలోనే, పెళ్లైన స్త్రీలపై క్రూరత్వాన్ని శిక్షించే 498-ఎ సెక్షన్ 1983లోనూ, వరకట్న మరణాలకు సంబంధించిన 304-బి 1986లోనూ అప్పటి భారత శిక్షాస్మృతిలో చేరాయి.

వత్తుల స్టవ్‌కు ఇంత హంగామా లేదు. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1970ల్లో నూనె ఆదా కోసం తెచ్చిన ‘నూతన్’ లాంటి వాటిలో కాలిన వత్తుల్ని కత్తిరించి ఎగదీయడం, పొట్టివైతే కొత్తవి ఎక్కించడం ఇంట్లోనే జరిగిపోయేది.

వంటగ్యాస్ 1955లో బొంబాయిలో, ఇండేన్ పేరుతో 1965లో కలకత్తాలో ఇళ్లకు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద ఇళ్లకు అది చేరడానికి 1999 నాటి దీపం పథకం దోహదపడింది. గ్యాస్ స్టవ్‌లో పంపు లేదు, తోలు వాషరూ లేదు; ఒత్తిడిని తగ్గించే పని రెగ్యులేటరుది. నాబ్ బిగుసుకుపోతే లోపలి ఇత్తడి కాక్‌ను తీసి తుడిచి గ్రీజు పెడతారు. అన్నం గంజి పొంగి రంధ్రాలు పూడిన బర్నరును శుభ్రం చేస్తారు, లేదా మారుస్తారు. అన్నిటికంటే ముఖ్యమైనది రబ్బరు ట్యూబు. లోపల తీగ అల్లిన సురక్షా ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలన్నది గ్యాస్ కంపెనీల నియమం. పైకి పగుళ్లు కనిపించకపోయినా ఆ గడువు పాటించాల్సిందే. రెగ్యులేటరును పంపిణీదారు దగ్గరే మార్చుకోవాలి. స్టవ్ మరమ్మతు మాత్రం, మైకులో కేక వేసుకుంటూ కుక్కర్లతో పాటు గ్యాస్ స్టవ్‌లూ బాగుచేసే వీధి పనివాళ్ల చేతుల్లోనే చాలాచోట్ల నడుస్తోంది.