సంజామలను అడగని విలీనం

"ఈ తూరి యాడ నొక్కాల నాయనా?"

"రైలింజను బొమ్మ కాడ నొక్కుమా. చెయ్యి గుర్తు గాదు, సైకిలూ గాదు."

2009 ఏప్రిల్ 23. మాడు పగిలే ఎండలో సంజామల పోలింగ్ బూత్ ముందు ఇలాంటి మాటలే నడిచి ఉంటాయి. అప్పటికి ఆ ఊరికి రైలే లేదు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను మీద బండి నడిచింది 2016లో. అయినా జనం ఇంజను మీద నొక్కారు.

మే 16న సంజామల ఉన్న కొత్త నియోజకవర్గం బనగానపల్లెలో ఇంజను గుర్తు మీద ప్రజారాజ్యం అభ్యర్థి కాటసాని రామిరెడ్డి గెలిచారు. పక్కనే ఆళ్లగడ్డలో అదే గుర్తు మీద భూమా శోభా నాగిరెడ్డి నెగ్గారు. రాష్ట్రమంతటా చిరంజీవి పెట్టిన ఈ పార్టీకి నూటికి పదహారు ఓట్లు పడ్డాయి గానీ, 294 సీట్లలో దక్కినవి 18. ఓట్లు ఊరూరా చెదిరిపోతే సీట్లు రావు. మూడో పార్టీకి వేస్తే ఓటు మురిగిపోతుందనే భయం అందుకే. ఈ రెండు చోట్లా ఆ భయం ఓడింది. గెలిచింది పార్టీ కాదు, నాయకుల బలగం అనేవారున్నారు. అందులో కొంత నిజముంది. కానీ వేలు పెట్టి నొక్కింది ఓటరే.

2011 ఫిబ్రవరి 6. ఢిల్లీలో సోనియా గాంధీని కలిసిన చిరంజీవి, పార్టీని కాంగ్రెస్‌లో కలిపేస్తున్నట్టు ప్రకటించారు. చెయ్యి గుర్తు వద్దనుకున్న ఓటు కూడా చేతికే చేరింది. చట్టం అడ్డు రాదు. శాసనసభాపక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం ఫిరాయింపు కిందికి రాదని రాజ్యాంగం పదో షెడ్యూలే చెబుతోంది.

శోభా నాగిరెడ్డి ఒప్పుకోలేదు. వైఎస్సార్ కాంగ్రెస్ నేత జగన్ వైపు నిలిచి, ఆ డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాసానికి ఓటేశారు. అనర్హత వేటు పడింది. 2012 జూన్ 12న ఆళ్లగడ్డ మళ్లీ ఓటేసి ఆమెనే గెలిపించింది. సంజామలకు ఆ అవకాశం రాలేదు, 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది నుంచి 2024 దాకా మూడు ఎన్నికల్లోనూ అక్కడ అసలు పోరు తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్‌ల మధ్యే.

నన్ను కలచివేసేది ఇదే. విలీనాన్ని కాదన్న మనిషి జనం ముందుకు వెళ్లక తప్పలేదు, పార్టీనే లేకుండా చేసిన విలీనానికి ఆ అవసరమే పడలేదు. రెండే పార్టీలుంటే ప్రభుత్వం నిలకడగా ఉంటుందంటారు, ఒకరు చెడితే రెండోవారిని తెచ్చుకోవచ్చంటారు. కాదనను. ఆ ఇద్దరూ వద్దనుకున్నవాడికీ ఒక దారి ఉండాలి. గెలిచిన పార్టీ మరో పార్టీలో కలిసిపోతే, దాని సభ్యులు రాజీనామా చేసి అదే ఓటరు దగ్గరికి మళ్లీ రావాలని పదో షెడ్యూలును మార్చాలి.